బ్రాడ్‌కాస్ట్ ఫార్మాట్లు మార్చేటప్పుడు వీడియో నాణ్యత పోకుండా ఉండాలంటే

పాత టేప్ నుంచి తీసిన ఫుటేజ్‌ని ప్రసారానికి కావలసిన ఫార్మాట్‌లోకి మార్చారు. బిట్‌రేట్ (సెకను వీడియోకి వాడే డేటా) వీలైనంత ఎక్కువ పెట్టారు, ఫైలు నాలుగింతలైంది. ఇంతా చేసి ప్లే చేస్తే కెమెరా పక్కకి తిరిగిన ప్రతిసారీ బొమ్మ తడబడుతోంది. నడిచే మనిషి అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తున్నాయి. మొహాల రంగు కూడా ఎందుకో మారింది. ఇలాంటప్పుడు చాలామంది బిట్‌రేట్ ఇంకా పెంచుతారు. చిల్లు పూడ్చకుండా ఇంకా పెద్ద కుండ కొనుక్కున్నట్టు.

ఫార్మాట్ మార్పిడిలో నాణ్యత ఎక్కువగా పోయేది కంప్రెషన్ దగ్గర కాదు, సోర్స్ ఏమిటో సరిగ్గా చూడకుండా పని మొదలుపెట్టిన దగ్గర. ఫీల్డ్‌ల (ఒక ఫ్రేములోని సగం గీతలతో ఏర్పడే అర బొమ్మల) వరస, రంగుల లెక్క, పిక్సెల్ ఆకారం. వీటిలో ఏది తప్పినా ఆ తప్పు ఫైల్లో అచ్చు పడిపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి కోడెక్ (వీడియోని కుదించి దాచే పద్ధతి) వాడినా అది ఆ తప్పునే భద్రంగా దాచిపెడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో చాలా భాగం ఎన్‌కోడ్ బటన్ నొక్కకముందు చేసే పనుల గురించే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. బొమ్మకి నిజంగా ఏ నష్టమూ లేని మార్పిడులు కొన్నే ఉన్నాయి. కోడెక్ ముట్టుకోకుండా కంటైనర్ (వీడియో, ఆడియోలను కలిపి ఉంచే ఫైలు పెట్టె) మాత్రమే మార్చడం ఒకటి. సినిమా ఫ్రేములకి చేర్చిన పుల్‌డౌన్‌ని (24 ఫ్రేముల సినిమాని టీవీ రేటుకి పరచడానికి రెట్టించిన ఫీల్డ్‌లని) తీసేయడం ఒకటి. 24 ఫ్రేముల సినిమాని అవే ఫ్రేములతో 25 వేగంలో ఆడించడం ఒకటి. 25 ప్రోగ్రెసివ్ (ఒకే క్షణానికి చెందిన పూర్తి) ఫ్రేముల్ని 50 ఫీల్డ్‌ల ఇంటర్లేస్ (బేసి, సరి గీతలు వంతులవారీగా వచ్చే) సిగ్నల్లో పెట్టడం ఇంకొకటి. మిగతావన్నీ, అంటే సైజు మార్చడం, డీఇంటర్లేస్ చేయడం (ఫీల్డ్‌లని పూర్తి ఫ్రేములుగా మార్చడం), 50ని 59.94గా మార్చడం లాంటివి, ఎంత బాగా చేసినా అంచనాలే. మన పని ఆ అంచనాల సంఖ్య తగ్గించడం, ఒక్కో అంచనా ఒక్కసారే జరిగేలా చూడడం.

మెట్టు 1: చేతిలో ఉన్నది ఏమిటో తేల్చుకోండి

ముందుగా ఫైలు వివరాలు చూపించే మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరవండి. ఫ్రేమ్ సైజు, ఫ్రేమ్ రేటు, స్కాన్ రకం, ఫీల్డ్ వరస, క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగు వివరాన్ని ఎంత తగ్గించి దాచారన్నది), బిట్ డెప్త్ (ఒక్కో విలువకి ఎన్ని బిట్లు), కలర్ మ్యాట్రిక్స్ (రంగుల లెక్క), రేంజ్ (నలుపు, తెలుపు విలువల హద్దులు), యాస్పెక్ట్ రేషియో, ఆడియో శాంపిల్ రేటు అన్నీ కాగితం మీద రాసుకోండి. రాసుకున్నాక వాటిని సగం మాత్రమే నమ్మండి. అవి ఫైలు మీద అంటించిన చీటీలు. లోపల ఉన్న సరుకు వేరేగా ఉండొచ్చు.

పాత టీవీ ప్రమాణాల్లో ఒకటైన ఎన్‌టీఎస్‌సీ వ్యవస్థలో 525 గీతలు, సెకనుకి 29.97 ఫ్రేములు. ఇంకొకటైన పాల్ వ్యవస్థలో 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. డిజిటల్‌లో ఇవి 720×480 (కొన్నిచోట్ల 486), 720×576గా కనిపిస్తాయి. ఈ 29.97 అనే వింత అంకె 1953లో అమెరికాలో కలర్ టీవీ ప్రమాణం ఖరారైనప్పుడు పుట్టింది. కలర్ సంకేతం శబ్ద సంకేతంతో కలిసి తెరమీద చుక్కలు చుక్కలుగా కనిపించకుండా ఉండటానికి, అప్పటిదాకా 30గా ఉన్న ఫ్రేమ్ రేటుని వెయ్యిలో ఒక వంతు తగ్గించారు. అసలు విలువ 30000ని 1001తో భాగిస్తే వచ్చేది. సాఫ్ట్‌వేర్‌లో భిన్నం రాసే వీలుంటే భిన్నమే రాయండి. 29.97 అని గుండుగుత్తగా రాస్తే పొడవైన కార్యక్రమాల్లో ధ్వనికీ బొమ్మకీ మధ్య ఎడం మెల్లగా పేరుకోవచ్చు.

ఇక కళ్లతో చూడాల్సిన భాగం. బాగా కదలిక ఉన్న షాట్ తీసుకుని, డీఇంటర్లేస్ ఆఫ్ చేసి, ఒక్కో ఫ్రేమ్ ముందుకి జరపండి.

కదిలే ప్రతి ఫ్రేములోనూ దువ్వెన పళ్లు కనిపిస్తే అది నిజమైన ఇంటర్లేస్ వీడియో. అంటే ప్రతి ఫ్రేములో రెండు వేర్వేరు క్షణాలున్నాయి. మూడు ఫ్రేములు శుభ్రంగా, రెండు పళ్లతో, మళ్లీ మూడు శుభ్రంగా వస్తుంటే అది 24 ఫ్రేముల సినిమా. 2:3 పుల్‌డౌన్‌తో నాలుగు సినిమా ఫ్రేములు ఐదు వీడియో ఫ్రేములుగా పరచుకున్నాయి. ఎక్కడా పళ్లు లేకపోతే అది ప్రోగ్రెసివ్, చీటీ మీద ఇంటర్లేస్ అని ఉన్నా సరే. 25 ఫ్రేములతో తీసినవాటిలో ఇది చాలా మామూలు. అలాంటి వీడియోని డీఇంటర్లేస్ చేస్తే ఉన్న స్పష్టతని మనమే చెడగొట్టుకున్నట్టు.

పళ్లు కాకుండా, రెండు బొమ్మలు పొగలా ఒకదానిమీద ఒకటి పడినట్టు కనిపిస్తే మాత్రం పని ఆపేయండి. ఆ ఫుటేజ్‌ని మీకంటే ముందే ఎవరో ఫ్రేములు కలిపేసి మార్చారు. దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకురావడం దాదాపు కుదరదు. దానిమీద రోజులు పెట్టేకన్నా అసలు టేప్ ఎక్కడుందో వెతకడం మేలు.

కంటితో తేలకపోతే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లోని ఐడెట్ ఫిల్టర్‌తో రెండు మూడు వేల ఫ్రేములు నడపండి. ఎన్ని ఫ్రేముల్లో పై ఫీల్డ్ ముందుంది, ఎన్నింటిలో కింది ఫీల్డ్ ముందుంది, ఎన్ని ప్రోగ్రెసివ్, ఎన్ని తేలలేదు అని లెక్క ఇస్తుంది. కదలిక లేని భాగం మీద నడిపితే ఆ లెక్కకి అర్థం ఉండదు. ఒకే కార్యక్రమంలో స్టూడియో భాగం ఇంటర్లేస్‌గా, మధ్యలో వేసిన సినిమా క్లిప్ పుల్‌డౌన్‌తో ఉండటం కూడా మామూలే. అందుకే మూడు నాలుగు చోట్ల చూడండి.

ఫీల్డ్ వరసకి ఒక పరీక్ష ఉంది. ఫీల్డ్‌లని విడదీసి వరసగా చూడండి. కదిలే వస్తువు సాఫీగా ముందుకి వెళితే వరస సరైనదే. రెండడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి వేస్తుంటే తిరగబడింది. హెచ్‌డీ 1080ఐలో (ఐ అంటే ఇంటర్లేస్) పై ఫీల్డ్ ముందు వస్తుంది. 480 గీతల ఎస్‌డీలో (హెచ్‌డీకి ముందున్న మామూలు వీడియోలో) సాధారణంగా కింది ఫీల్డ్ ముందు. 576 గీతల ఎస్‌డీలో పై ఫీల్డ్ ముందు, కానీ డీవీ టేప్ అయితే పాల్‌లో కూడా కింది ఫీల్డే ముందు. ఈ ఒక్క మినహాయింపు దగ్గర పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు.

మెట్టు 2: దారి ఎంచుకోండి

సోర్స్ తెలిసింది, గమ్యం తెలుసు. మధ్యలో ఎన్ని అంచనాలు తప్పనిసరో ఇప్పుడు లెక్కేయాలి.

పుల్‌డౌన్ ఉన్న సినిమా అయితే మీరు అదృష్టవంతులు. డీఇంటర్లేస్ చేయకండి. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో ఫీల్డ్‌మ్యాచ్, డెసిమేట్ ఫిల్టర్లు ఒకదాని తర్వాత ఒకటి వాడితే అసలు 23.976 ఫ్రేములు చెక్కుచెదరకుండా బయటికొస్తాయి. ఏవీఐసింత్ అనే స్క్రిప్ట్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఇదే పనికి టీఐవీటీసీ ఉంది. పుల్‌డౌన్ వేశాక ఎడిట్ చేసిన కార్యక్రమమైతే కట్ దగ్గర మూడు–రెండు లయ తెగిపోయి ఉంటుంది. ఆ కట్‌లని మాత్రం చేత్తో చూసుకోవాలి. అక్కడి నుంచి 25కి వెళ్లాలంటే అవే ఫ్రేముల్ని కొంచెం వేగంగా ఆడించడమే. 100 నిమిషాల సినిమా సుమారు 96 నిమిషాల్లో అయిపోతుంది. టీవీలో సినిమాలు దశాబ్దాలుగా ఇలాగే నడిచాయి. ఇటు 25 ప్రోగ్రెసివ్‌ని 29.97కి తీసుకెళ్లాలన్నా ఇదే దారి తిరగేసి నడవాలి. 23.976కి నెమ్మదింపజేసి పుల్‌డౌన్ వేస్తే ఒక్క కొత్త ఫ్రేమ్ కూడా కల్పించాల్సిన అవసరం రాదు. నిడివి నాలుగు శాతం పెరుగుతుంది, దానికి ప్రసారం చేసేవాళ్లు ఒప్పుకోవాలి.

నిజమైన ఇంటర్లేస్ వీడియోని అదే రేటులో హెచ్‌డీకి తీసుకెళ్లడం, అంటే 576ఐ నుంచి 1080ఐకి, రెండో రకం. ఇక్కడ కాలం మారదు, సైజే మారుతుంది. ముందు ప్రతి ఫీల్డ్‌ని ఒక పూర్తి ఫ్రేమ్‌గా చేసి 50 ప్రోగ్రెసివ్‌కి రావాలి, అప్పుడు సైజు పెంచాలి, చివర్లో మళ్లీ ఇంటర్లేస్ చేయాలి. నెట్‌లో పెట్టడానికైతే ఆ 50 ప్రోగ్రెసివ్ దగ్గరే ఆగిపోండి. 25కి దించారంటే సగం కదలిక పారేసినట్టే. ఆటల వీడియోలో అది ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

అసలు కష్టం మూడో రకంలో. 50 ఫీల్డ్‌ల వీడియో 59.94 ఫీల్డ్‌లుగా మారాలి, లేదా అటునుంచి ఇటు రావాలి. లేని క్షణాలని పుట్టించాలన్నమాట. మూడు పద్ధతులున్నాయి.

ఫ్రేములు రెట్టించడం లేదా వదిలేయడం చవకైన పద్ధతి. 50 నుంచి 59.94కి సెకనుకి దాదాపు పది ఫ్రేములు రెండుసార్లు వస్తాయి, కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే పాన్ షాట్లో కుదుపు స్పష్టంగా కనిపిస్తుంది. అయినా ప్రతి ఫ్రేమూ అసలుదే ఉంటుంది. సాక్ష్యంగానో, కొలతల కోసమో వాడే ఫుటేజ్‌కి నేను ఇదే ఎంచుకుంటాను. పక్కపక్క ఫ్రేములని కలిపి మధ్యది తయారు చేయడం రెండోది. కుదుపు తగ్గుతుంది, కానీ ఇందాక చెప్పిన పొగబొమ్మలు ఇక్కడే పుడతాయి. తర్వాత వచ్చేవాడికి బాగుచేసే దారి కూడా మూసుకుపోతుంది. దీన్ని వాడొద్దనే చెబుతాను.

మూడోది కదలికని లెక్కగట్టి మధ్య ఫ్రేములని కొత్తగా గీయడం. ప్రసార సంస్థల్లో దీనికి ఆల్కెమిస్ట్, టెరానెక్స్ లాంటి పెట్టెలు వాడుతూ వచ్చారు. సాఫ్ట్‌వేర్లో డావిన్సీ రిజాల్వ్‌లోని ఆప్టికల్ ఫ్లో, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లోని ఎమ్‌ఇంటర్‌పొలేట్ ఫిల్టర్ ఇదే పని చేస్తాయి. చాలా షాట్లలో ఫలితం చూసి ఆశ్చర్యపోతారు. కొన్నింటిలో మాత్రం వలలోంచి దూసుకెళ్లే బంతి మాయమవుతుంది, తిరిగే చక్రం ఊచలు వంకర్లు పోతాయి, తెర అడుగున పరుగెత్తే అక్షరాలు వెనకున్న బొమ్మని తమతోపాటు లాక్కెళ్తాయి. కట్ దగ్గర, రెండు షాట్లు ఒకదానిలోకి ఒకటి కరిగేచోట కూడా ఇది తప్పటడుగు వేస్తుంది. అందుకే మొత్తం కార్యక్రమాన్ని ఒకే సెట్టింగ్‌తో వదిలేయకుండా, తేడా వచ్చిన షాట్లకి మాత్రం మొదటి పద్ధతి వాడి అతికించండి. ఓపిక పరీక్షించే పనే, కానీ చూసేవాళ్లకి తేడా కనిపించేది ఇలాంటి షాట్ల దగ్గరే.

ఏ పద్ధతి అయినా ఇంటర్లేస్ ఫ్రేముల మీద నేరుగా చేయకండి. ముందు ఫీల్డ్ రేటుతో ప్రోగ్రెసివ్ చేయాలి, తర్వాతే కాలాన్ని ముట్టుకోవాలి.

మెట్టు 3: డీఇంటర్లేస్

ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో రెండు పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి: యాడిఫ్, బీడబ్ల్యూడిఫ్. రెండూ ఉన్న గీతలని అలాగే ఉంచి, లేని గీతలని మాత్రమే ఊహిస్తాయి. బీడబ్ల్యూడిఫ్ కొత్తది, ఏటవాలు అంచుల్లో నా కంటికి మెరుగ్గా కనిపిస్తుంది. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి. యాడిఫ్ మామూలుగా రెండు ఫీల్డ్‌లకి ఒక్క ఫ్రేమే ఇస్తుంది, బీడబ్ల్యూడిఫ్ ఫీల్డ్‌కి ఒక ఫ్రేమ్ ఇస్తుంది. ఏమీ చెప్పకుండా యాడిఫ్ పెడితే 50 ఫీల్డ్‌లు 25 ఫ్రేములై కూర్చుంటాయి.

నాణ్యతే ముఖ్యం, సమయం ఎంతైనా ఫరవాలేదు అనుకుంటే క్యూటీజీఎంసీ. ఏవీఐసింత్‌లోనూ వేపర్‌సింత్‌లోనూ నడుస్తుంది. వెనకా ముందూ ఉన్న ఫ్రేములలో వస్తువులు ఎటు కదిలాయో చూసి గీతలు నింపుతుంది కాబట్టి సన్న గీతలు, ఇటుక గోడలు వణకవు. చాలా నెమ్మది. పైగా మామూలు సెట్టింగ్‌లతో నాయిస్‌ని కొంత నున్నగా చేసేస్తుంది, పాత ఫిల్మ్ గ్రెయిన్ (ఇసుక లాంటి సన్న నలకలు) దానితోపాటే పోతుంది. సోర్స్ మ్యాచ్ సెట్టింగ్ పెంచితే ఫలితం అసలు గీతలకి దగ్గరగా ఉంటుంది. దాని షార్ప్‌నెస్‌ని కూడా తగ్గించి చూడండి. షార్ప్ చేసిన బొమ్మ మొదటిచూపుకి బాగుంటుంది, పెద్ద తెరమీద అంచుల చుట్టూ తెల్లటి మెరుపు గీత పొడుచుకొస్తుంది.

మెట్టు 4: సైజు, ఆకారం

డీఇంటర్లేస్ కాకముందు నిలువు సైజు మార్చకూడదు. 576 గీతల ఇంటర్లేస్ ఫ్రేమ్‌ని నేరుగా 1080కి సాగదీస్తే రెండు క్షణాల గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, తర్వాత ఏ డీఇంటర్లేసరూ విడదీయలేని ముద్ద అవుతుంది. ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. ఎడిటింగ్ టైమ్‌లైన్ 1080ఐ అని పెట్టి అందులోకి ఎస్‌డీ క్లిప్ లాగితే కొన్ని సాఫ్ట్‌వేర్లు మనకి చెప్పకుండానే ఇలా చేసేస్తాయి.

ఎస్‌డీ పిక్సెళ్లు చతురస్రాలు కావు. 720 పిక్సెళ్ల వెడల్పులో అసలు బొమ్మగా లెక్కలోకి వచ్చేది 704, రెండు పక్కలా ఎనిమిదేసి అంచులు. 704×576ని 12/11తో వెడల్పు చేస్తే 768×576, 704×480ని 10/11తో కుదిస్తే 640×480. రెండూ కచ్చితమైన 4:3. హెచ్‌డీలో 4:3 బొమ్మ 1440×1080 అవుతుంది, రెండు పక్కలా 240 పిక్సెళ్ల నల్ల పట్టీలు మిగులుతాయి. పూర్తి 720ని 1440కి సాగదీస్తే మనుషులు రెండు శాతం సన్నబడతారు. చాలామంది గమనించరు. గుండ్రటి గడియారం తెర నిండా వచ్చినప్పుడు మాత్రం గమనిస్తారు.

నల్ల పట్టీలు బాగోలేవని పైనా కిందా కోసి 16:9 నింపమని అడిగేవాళ్లు ఉంటారు. అలా చేస్తే అసలే తక్కువగా ఉన్న గీతల్లో నాలుగో వంతు పోతుంది, తలలు తెగుతాయి. వీలైనంతవరకు ఒప్పుకోకండి.

కోయడం గురించి నా అనుభవం ఒకటి. ఒక పాత టేప్ పైభాగంలో మినుకుమినుకుమనే ఒక గీత ఉండేది. చూడటానికి బాగోలేదని ఆ ఒక్క గీతని కోసి, కింద ఒక నల్ల గీత చేర్చి పంపించాను. కంప్యూటర్లో అద్భుతంగా కనిపించింది. అవతలివాళ్లు టీవీలో చూసి, మనుషులు వణుకుతున్నారని వెనక్కి పంపారు. బేసి సంఖ్యలో గీతలు జరిగేసరికి పై ఫీల్డ్ కిందికీ కింది ఫీల్డ్ పైకీ వచ్చాయి, ఫైలు మీద చీటీ మాత్రం పాతదే ఉండిపోయింది. ఇంటర్లేస్ ఫుటేజ్‌లో గీతలు ఎప్పుడూ సరి సంఖ్యలోనే కోయాలి. 486ని 480 చేయడానికి పైన నాలుగు, కింద రెండు తీయడం ఇందుకే.

మెట్టు 5: రంగులు

ఎస్‌డీ వీడియో రంగుల లెక్క రెక్ 601 అనే ప్రమాణం ప్రకారం, హెచ్‌డీది రెక్ 709 ప్రకారం. వెలుతురు విలువ కట్టేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత కలపాలన్నది ఈ రెండింటిలో వేరు. 601లో ఆకుపచ్చ వాటా 0.587, 709లో 0.7152. ఎస్‌డీని హెచ్‌డీకి పెంచి మ్యాట్రిక్స్ మార్చకుండా వదిలేస్తే, చూపించే టీవీ సైజు చూసి 709 అనుకుని ఆ లెక్కతో విప్పుతుంది. ఎరుపులు, ఆకుపచ్చలు పక్కకి జరుగుతాయి. మొదట్లో చెప్పిన మొహాల రంగు సంగతి ఇదే.

దీనికి చీటీ మార్చితే సరిపోదు, విలువలే మార్చాలి. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో జెడ్‌స్కేల్ ఫిల్టర్‌కి వచ్చే మ్యాట్రిక్స్, వెళ్లే మ్యాట్రిక్స్ రెండూ స్పష్టంగా చెప్పండి. సైజు మార్పు కూడా దానితోనే చేయించండి, రెండు పనులూ ఒకే దెబ్బకి అయిపోతాయి. చివరి ఫైలులో మ్యాట్రిక్స్, ప్రైమరీలు (మూల రంగులు), ట్రాన్స్‌ఫర్ (వెలుగుని అంకెలుగా మార్చే లెక్క) మూడింటి చీటీలూ రాయడం మర్చిపోవద్దు.

రేంజ్ ఇంకో గండం. ప్రసార వీడియోలో 8 బిట్లయితే నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. 10 బిట్లలో 64, 940. కంప్యూటర్ బొమ్మల్లో 0 నుంచి 255. ఎక్కడో ఒక సాఫ్ట్‌వేర్ దీన్ని దానిగా పొరబడితే నలుపు బూడిద రంగుకి తిరుగుతుంది, లేదా నీడల్లో వివరాలన్నీ మసిబారతాయి. వేవ్‌ఫార్మ్ మానిటర్‌లో (వెలుగు విలువల్ని గ్రాఫ్‌గా చూపేది) మార్పిడికి ముందూ తర్వాతా ఒకే ఫ్రేమ్ పెట్టి చూస్తే ఐదు సెకన్లలో తేలుతుంది. టేప్ మొదట్లో కలర్ బార్లు ఉంటే కోసెయ్యకండి, అంతకన్నా మంచి కొలబద్ద దొరకదు. 235 దాటిన మెరుపుల్ని కూడా తొందరపడి కత్తిరించకండి. కెమెరాలు అక్కడ నిజమైన వివరాలు దాచుకుంటాయి. ఐరోపా ప్రసార సంఘం ఆర్103 సిఫారసు మైనస్ 5 నుంచి 105 శాతం వరకు అనుమతిస్తుంది. ఆ హద్దుల్లోకి చివర్లో మెత్తగా దించవచ్చు.

సోర్స్ 8 బిట్లే అయినా మధ్యలో పని అంతా 10 బిట్లు లేదా అంతకంటే ఎక్కువలో జరగనివ్వండి. మళ్లీ 8కి దిగాల్సి వస్తే డిథర్ (మెట్లు కనిపించకుండా చేర్చే సన్న నాయిస్) ఆన్ చేయండి, లేకపోతే ఆకాశంలో మెట్లు కనిపిస్తాయి.

క్రోమా (రంగు వివరం) గురించి క్లుప్తంగా. 4:4:4లో రంగు పూర్తిగా ఉంటుంది, మిగతా అంకెల్లో కొంత తగ్గుతుంది. ఎన్‌టీఎస్‌సీ డీవీ 4:1:1, పాల్ డీవీ 4:2:0. మధ్యలో 4:2:2 లేదా 4:4:4లో ఉంచండి. 4:1:1ని తిన్నగా 4:2:0లోకి తోస్తే అడ్డంగానూ నిలువుగానూ రెండు వైపులా రంగు వివరం పోతుంది. ఇంటర్లేస్ 4:2:0 అయితే దాన్ని విప్పే ఫిల్టర్‌కి అది ఇంటర్లేస్ అని తెలియాలి. తెలియకపోతే ఎర్రటి బట్టల అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి.

హెచ్‌డీఆర్ (మామూలు కన్నా ఎక్కువ వెలుగు చూపే వీడియో) వ్యవహారం వేరే. హెచ్‌ఎల్‌జీ, పీక్యూ అనే రెండు పద్ధతులనీ 2016 నాటి రెక్ 2100 ప్రమాణం ఒకచోటికి చేర్చింది. మామూలు వీడియోని హెచ్‌డీఆర్ కార్యక్రమంలో కలపాలంటే తెలుపుని తెర గరిష్ఠ వెలుగు దాకా సాగదీయకండి. 203 నిట్ల (నిట్ వెలుగు కొలమానం) దగ్గర పెట్టమన్నది బీటీ 2408 నివేదిక సూచన. అటునుంచి ఇటు వచ్చేటప్పుడు టోన్ మ్యాపింగ్ (ఎక్కువ వెలుగుని తక్కువ హద్దుల్లోకి సర్దడం) తప్పదు, ఒక్కో సన్నివేశం చూసుకుంటూ చేయాలి.

మెట్టు 6: ధ్వని

ఫ్రేమ్ రేటు మారినా నిడివి మారకపోతే ధ్వనిని ముట్టుకోవద్దు. 48 కిలోహెర్ట్జ్‌లో అన్‌కంప్రెస్డ్‌గా అలాగే మోసుకెళ్లండి. వేగం మారిన దారుల్లో మాత్రం నిర్ణయం తీసుకోవాలి. 24 నుంచి 25కి పోతే గొంతులు సుమారు 0.7 సెమీటోన్ పైకి వెళ్తాయి. సంభాషణల్లో పెద్దగా తెలియదు, పాట వస్తే సంగీతం తెలిసినవాళ్లకి చెవిలో గుచ్చుకుంటుంది. పిచ్ సరిచేసే ప్రాసెసింగ్ ఉంది, కానీ అదీ ఒక అంచనానే. తప్పట్లు, డ్రమ్ములు ఉన్నచోట విని నిర్ణయించుకోండి.

శబ్ద స్థాయి కూడా ఊరికే ఉండదు. ఐరోపా ఆర్128 ప్రమాణం ప్రకారం మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి వినిపించే బిగ్గరతనం కొలమానం), అమెరికా ఏ/85 ప్రకారం మైనస్ 24. తేడా ఒక్క అంకే కాబట్టి మొత్తానికి ఒకే గెయిన్ (శబ్దం పెంపు, తగ్గింపు) మార్పు చాలు. ఆటోమేటిక్ కంప్రెసర్ పెట్టకండి.

టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకీ వేసే గంట, నిమిషం, సెకను, ఫ్రేము అంకె) దగ్గర చాలామంది బోల్తా పడతారు. 29.97 వీడియోని 30 అనుకుని అంకెలు వేస్తే గంటకి 3.6 సెకన్లు తేడా వస్తుంది. డ్రాప్‌ఫ్రేమ్ టైమ్‌కోడ్ ప్రతి నిమిషం మొదట్లో రెండు అంకెలు దాటేస్తుంది, ప్రతి పదో నిమిషం మాత్రం దాటదు. గంటకి 108 అంకెలు. దాటేది అంకెలనే, ఫ్రేములు పోవు. "డ్రాప్‌ఫ్రేమ్ వద్దు, ఫ్రేములు పోతాయి" అని టెన్షన్ పడే వాళ్లకి ఈ మాట చెప్పండి.

మెట్టు 7: మధ్యస్థ ఫైలు, చివరి ఫైలు

పైన చెప్పిన పనులన్నీ ఒకే ఫిల్టర్ గొలుసులో చేసి, ఒక్కసారి మాత్రమే ఫైలుగా రాయగలిగితే అంతకన్నా మంచిది లేదు. కుదరనప్పుడు మధ్యలో రాసే ఫైలు ఎఫ్ఎఫ్‌వీ1 లాంటి పూర్తి లాస్‌లెస్ (ఏ వివరమూ పోని) కోడెక్‌లో ఉండనివ్వండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని తెరవకపోతే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ, లేదా డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ హెచ్‌క్యూఎక్స్. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ 1080లో 29.97 ఫ్రేములకి సుమారు 220 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు), అంటే గంటకి 99 జీబీ. డిస్క్ ఖాళీ ముందే చూసుకోండి. హెచ్.264లో మధ్యస్థ ఫైళ్లు రాస్తూ పోతే ప్రతి అడుగులోనూ కాస్త కాస్త అరుగుతుంది, చివరికి ఎక్కడ పోయిందో చెప్పలేరు.

గమ్యం ఇంటర్లేస్ అయితే ఇప్పుడు మళ్లీ ఫీల్డ్‌లుగా విడగొట్టాలి. టీఇంటర్లేస్ ఫిల్టర్‌లో నిలువు లోపాస్ (సన్న వివరాన్ని నిలువుగా కాస్త మెత్తబరిచేది) ఆన్ చేయండి. లేకపోతే ఒక్క గీత మందం ఉన్న అక్షరాల అంచులు ఒక ఫీల్డ్‌లో వెలిగి ఇంకో ఫీల్డ్‌లో ఆరిపోతూ మినుకుతాయి. కొంత స్పష్టత పోతుంది కదా అంటే పోతుంది. మినుకు కన్నా అది నయం. 1080ఐకి పై ఫీల్డ్ ముందు అని చెప్పి, ఎన్‌కోడర్‌కి కూడా ఇది ఇంటర్లేస్ అని విడిగా చెప్పండి. ఫిల్టర్‌కి చెబితే ఎన్‌కోడర్‌కి తెలిసిపోతుందని అనుకోవద్దు.

చివరి ఫైలు ఏమిటన్నది మీ ఇష్టం కాదు, ప్రసారం చేసేవాళ్ల స్పెసిఫికేషన్ కాగితం చెబుతుంది. 50 ఎంబీపీఎస్ ఎక్స్‌డీకామ్ హెచ్‌డీ422, ఏవీసీ-ఇంట్రా 100 లాంటివి ఎక్కువగా అడుగుతారు. ఆ కాగితం పని మొదట్లోనే తెప్పించుకోండి. క్లోజ్డ్ క్యాప్షన్లు (మాటల్ని తెరమీద అక్షరాలుగా చూపేవి) ఉంటే వాటిని విడిగా బయటికి తీసి దాచుకోండి. ఎన్‌టీఎస్‌సీలో అవి 21వ గీతలో దాక్కుని ఉంటాయి, సైజు మార్చగానే ఆనవాళ్లు లేకుండా పోతాయి.

మెట్టు 8: పరీక్ష

మొత్తం కార్యక్రమం మార్చకముందు ఒక్క నిమిషం మార్చి చూడండి. ఏ నిమిషం అన్నది ముఖ్యం. ప్రశాంతంగా మాట్లాడే మనిషి ఏ సెట్టింగ్‌లోనైనా బాగుంటాడు. పరుగెత్తే అక్షరాలు, అడ్డంగా పాన్, నీళ్లు లేదా ఆకులు, చీకటి సన్నివేశం, ఫ్లాష్ లైట్లు, ఒక డిజాల్వ్ (ఒక షాట్ ఇంకోదాంట్లో కరగడం). ఇవన్నీ వచ్చేలా ముక్కలు ఏరి అతికించి మీ పరీక్ష క్లిప్ తయారు చేసుకోండి.

దాన్ని మూడు రకాలుగా చూడండి. ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ ఒకసారి, మామూలు వేగంలో ఒకసారి, నిజమైన టీవీ మీద ఒకసారి. కంప్యూటర్ ప్లేయర్లు తమంతట తాము డీఇంటర్లేస్ చేసి తప్పులు కప్పేస్తాయి కాబట్టి మూడోది మానకండి. రేటూ సైజూ మారని మార్పిడుల్లో రెండు ఫైళ్ల తేడాని బొమ్మగా చూడొచ్చు. తేడా తెర నిండా నల్లగా ఉంటే మంచిది, అందులో మనుషుల ఆకారాలు కనిపిస్తే వివరం పోయినట్టు. ఫ్రేమ్ రేటు మారితే పీఎస్‌ఎన్‌ఆర్, వీమాఫ్ లాంటి నాణ్యత కొలిచే అంకెలకి అర్థం ఉండదు, ఎదురెదురుగా పెట్టడానికి రెండు వైపులా ఒకే క్షణపు ఫ్రేములు ఉండవు కాబట్టి. అక్కడ కళ్లే దిక్కు.

పూర్తి ఫైలు వచ్చాక పెదాల కదలికకీ మాటకీ పొంతన మొదట్లో, మధ్యలో, చివర్లో చూడండి. మొదట్లో సరిగ్గా ఉండి చివర్లో జారితే రేటు భిన్నం ఎక్కడో తప్పింది. మొదటి నుంచీ ఒకే ఎడం ఉంటే అది ఉత్త ఆలస్యం, జరిపితే సరిపోతుంది.

ఇక ఫైలు పక్కనే ఒక టెక్స్ట్ ఫైలు పెట్టండి. సోర్స్ ఏ టేప్, దాని ఫీల్డ్ వరస ఏమిటని తేల్చారు, ఎన్ని గీతలు కోశారు, ఏ డీఇంటర్లేసర్ ఏ సెట్టింగ్‌తో, ఏ వెర్షన్‌తో నడిచింది, ఏయే షాట్లని చేత్తో సరిచేశారు అన్నీ అందులో రాయండి. అసలు క్యాప్చర్ ఫైలుని మాత్రం ముట్టుకోకుండా రెండు డిస్కుల్లో ఉంచండి. రేపు ఇంతకన్నా మంచి డీఇంటర్లేసర్ వస్తే మళ్లీ మొదలుపెట్టాల్సింది దాని దగ్గరనుంచే.